ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడాలా? మర్రిపాలెం నుంచి ఒక తల్లి ప్రశ్న

ప్రశ్న: మాది టెక్కలి దగ్గర పల్లెటూరు. మా ఆయనది బరంపురం, రైల్వేలో ఉద్యోగం, విశాఖపట్నంలో మర్రిపాలెంలో ఉంటాం. అత్తగారు మాతోనే ఉంటారు. ఆవిడకి తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడేది ఒడియానే. బాబుకి ఐదున్నరేళ్ళు, యూకేజీ. నాతో తెలుగు, నానమ్మతో ఒడియా, కింద పిల్లలతో హిందీ. మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో టీచర్ గారు, వీడు క్లాసులో ఇంగ్లీషులో నోరు విప్పట్లేదు, భాషలన్నీ కలిపేస్తున్నాడు, ఇంట్లో ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడండి అన్నారు. ఆ రోజు నుంచి మా ఆయన అదే రూల్ పెట్టారు. డల్లాస్‌లో మా బావగారి పిల్లలకి ఇంట్లో మాట్లాడబట్టే ఇంగ్లీషు అంత బాగా వచ్చిందంటారు. తను ఇంటర్వ్యూల్లో పడ్డ అవమానం కొడుకు పడకూడదంటారు. బాబు ‘జేజేమా, పాణి దిఅ (నానమ్మా, నీళ్ళివ్వు), నాకు దాహం వేస్తోంది, క్విక్’ అంటే కోప్పడ్డారు. నేను తెలుగు మీడియంలో డిగ్రీ చేశాను, నా ఇంగ్లీషు అంతంతమాత్రం. ఇప్పుడు ఇంట్లో మాటలే తగ్గిపోయాయి. అత్తగారు గదిలోంచి బయటికి రావట్లేదు. మేం చేస్తున్నది కరెక్టేనా? ఒకటో తరగతి అడ్మిషన్ ఫారంలో ‘మాతృభాష’ అని ఉంది, అక్కడ ఏం రాయాలో కూడా చెప్పండి.

జవాబు: అమ్మా, సూటిగా చెప్పేస్తాను. ఆ రూల్ ఈ రోజే తీసేయండి. వచ్చే నెల నుంచి కాదు, యూనిట్ టెస్టులు అయ్యాక కాదు, ఈ సాయంత్రం బాబు స్కూలు నుంచి రాగానే వాడితో తెలుగులో మాట్లాడండి, మీ అత్తగారిని పిలిచి పక్కన కూర్చోబెట్టి వాడితో ఒడియాలో మాట్లాడమనండి. మిగతా సంగతులు తర్వాత తీరిగ్గా ఆలోచించుకోవచ్చు.

ఇంగ్లీషు వద్దని చెప్పే మనిషిని కాను. ఈ ఊళ్ళో డిగ్రీ పిల్లలకి చాలా ఏళ్ళు ఇంగ్లీషే చెప్పాను, అది రాకపోతే ఉద్యోగాల దగ్గర ఎంత నష్టపోతారో దగ్గర నుంచి చూశాను. మీ ఆయన భయం ఉత్తి భయం కాదు. తెలిసిన సబ్జెక్టే అయినా ఎదుటివాళ్ళు ఇంగ్లీషులో అడిగేసరికి నోట మాట రాక, బయటికొచ్చి కళ్ళు తుడుచుకున్న కుర్రాళ్ళు నాకు తెలుసు. అది అనుభవించిన తండ్రి కొడుక్కి అలా కాకూడదనుకోవడంలో తప్పేముంది? ఆయన కోరిక సరైనదే, దానికి పట్టుకున్న దారి మాత్రం సరైంది కాదు. పైగా ఆ దారిలో వెళ్తే ఇంగ్లీషు కూడా సరిగ్గా రాకపోయే ప్రమాదం ఉంది, నా అసలు బాధ అదే.

ఎందుకో చెప్తాను. రూల్ పెట్టాక మీ ఇంట్లో సాయంత్రం ఏం మాటలు వినపడుతున్నాయో ఒకసారి చెవి పెట్టి వినండి. కమ్. సిట్. ఈట్ ఫాస్ట్. డోంట్ డూ దట్. హోంవర్క్ ఫినిష్డ్? గో అండ్ స్లీప్. అంతే కదా? మనకి కొద్దిగానే వచ్చిన భాషలో పిల్లలతో మాట్లాడితే మిగిలేవి ఆర్డర్లే. అదే మీరు తెలుగులో ఉన్నప్పుడు వాడు ‘అమ్మా, వర్షం నీళ్ళు ఎక్కడికి పోతాయి’ అంటే కాలవ గురించి చెప్తారు, మీ ఊరి చెరువు గురించి చెప్తారు, చిన్నప్పుడు ఆ చెరువు గట్టు తెగితే ఏమయిందో చెప్తారు, వాడు మధ్యలో పది ప్రశ్నలు వేస్తాడు, మీరు విసుక్కుని మళ్ళీ చెప్తారు. కారణం చెప్పడం, వరుసలో చెప్పడం, ‘ఒకవేళ అలా జరిగి ఉంటే’ అని ఊహించడం, ఎదుటివాడికి తెలియనిది తెలిసేలా చెప్పడం, ఇవన్నీ పిల్లలు నేర్చుకునేది అలాంటి మాటల్లోనే. ఐదేళ్ళ వయసులో వాడికి మీరు ఇవ్వగలిగింది అది. ఆ పని మీరు బ్రహ్మాండంగా చేయగలిగేది తెలుగులో, మీ అత్తగారు ఒడియాలో. దాన్ని ఆపేసి ‘సిట్, ఈట్’ పెట్టుకుంటే వాడికి దక్కాల్సిన మాటలు సగానికి సగం పోతాయి.

క్లాసులో నేను ఒక చిన్న పని ఇచ్చేవాణ్ణి. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు దిగిన కొత్త మనిషికి సింహాచలం కొండకి ఎలా వెళ్ళాలో ఇంగ్లీషులో చెప్పు అని. కొందరు లేచి గడగడా రెండు వాక్యాలు చెప్పి ఆగిపోయేవాళ్ళు, ఉచ్చారణ బాగుండేది, కానీ బస్సు ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ దిగాలి, కొండ మీదకి ఏం దొరుకుతుంది, ఏదీ తెలిసేది కాదు. సరే తెలుగులో చెప్పమంటే తెలుగులోనూ అవే రెండు వాక్యాలు. ఇంకొందరు, ఎక్కువగా చోడవరం, నర్సీపట్నం వైపు నుంచి తెలుగు మీడియంలో వచ్చినవాళ్ళు, ఇంగ్లీషులో ఒక్క ముక్క చెప్పలేక తల దించుకునేవాళ్ళు, తెలుగులో చెప్పమంటే మాత్రం గుక్క తిప్పుకోకుండా, ఎక్కడ ఆటోవాళ్ళు ఎక్కువ అడుగుతారో కూడా కలిపి చెప్పేసేవాళ్ళు. ఈ రెండో రకం పిల్లలకి ఇంగ్లీషు నేర్పడం నాకు ఎప్పుడూ కష్టం అనిపించలేదు. చెప్పాల్సిన విషయం వాళ్ళ దగ్గర ఉంది, మాటలు అందిస్తే చాలు. మొదటి రకం పిల్లలతో పని చాలా ఎక్కువ ఉండేది, ఎందుకంటే ఏ భాషలోనూ ఒక విషయాన్ని సాగదీసి చెప్పడం వాళ్ళకి అలవాటు లేదు. మీ బాబు ఈ రెండిట్లో ఎటు వెళ్ళాలనేది ఇప్పుడు ఇంట్లో జరిగే కబుర్ల మీద చాలావరకు ఆధారపడి ఉంటుంది.

ఇక భాషలు కలిపేస్తున్నాడన్న సంగతి. వాడన్న మాటనే చూద్దాం. నానమ్మని పిలిచి ఒడియాలో అడిగాడు, అదీ ‘దే’ అనలేదు, ‘దిఅ’ అన్నాడు, పెద్దవాళ్ళని ఎలా అడగాలో వాడికి తెలుసన్నమాట. ‘నాకు దాహం వేస్తోంది’ అన్నాడు. తెలుగు కొత్తగా నేర్చుకునే పెద్దవాళ్ళని అడిగి చూడండి, ఆ ‘నాకు’ దగ్గర ఎన్ని తంటాలు పడతారో, ‘నేను దాహం’ అని మొదలుపెట్టి ఎక్కడో తేలతారు. వీడు ఐదున్నరేళ్ళకే అలవోకగా అనేశాడు. చివర ‘క్విక్’ కూడా సరైన చోటే పడింది. ఇందులో గందరగోళం ఏముంది? మనం రోజూ ‘బస్సు మిస్సయింది, ఆటోలో వచ్చేశా’ అంటాం, మనల్ని ఎవరూ డాక్టరు దగ్గరికి పంపట్లేదు కదా. రెండు మూడు భాషల మధ్య పెరిగే పిల్లలు ఇలా కలపడం మామూలే, దీని మీద పరిశోధన చేసినవాళ్ళంతా చెప్పేది అదే. ఏ భాష ఎవరితో మాట్లాడాలో వాళ్ళకి చిన్నప్పుడే తెలిసిపోతుంది. వాడు కింద హిందీ పిల్లలతో ఒడియా మాట్లాడట్లేదు చూడండి. ఒక్కో భాషలో విడిగా లెక్కపెడితే వాడి మాటలు కాస్త తక్కువ కనిపించొచ్చు, అన్నిట్లో కలిపి లెక్కపెడితే తక్కువేం ఉండవు. ఎక్కువ భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యమవుతాయన్నది నిజం కాదు.

మీ ఆయన ఒడిశావారు కాబట్టి ఆయనకి ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పండి. అజిత్ మహంతి అనే మనస్తత్వ శాస్త్రవేత్త కంధమాల్ ప్రాంతంలో కోంధు గిరిజన పిల్లల మీద చాలాకాలం పరిశోధన చేశారు. ఒకే తెగ, ఒకే రకం బతుకులు, కానీ కొన్ని ఊళ్ళలో పిల్లలకి వాళ్ళ సొంత భాష కుయి, ఒడియా రెండూ వచ్చు, కొన్ని ఊళ్ళలో కుయి పోయి ఒడియా ఒక్కటే మిగిలింది. రెండు భాషలూ ఉన్న పిల్లలే, భాష గురించి ఆలోచించడంలోనూ మిగతా తెలివితేటల పరీక్షల్లోనూ మెరుగ్గా చేశారు. ఎక్కడో విదేశాల్లో సంగతి కాదు, బరంపురం పైన కొండల్లో సంగతి.

డల్లాస్ సంగతికి వద్దాం, ఎందుకంటే మీ ఇంట్లో రూల్ పుట్టింది అక్కడే. ఆ పిల్లలకి ఇంగ్లీషు ఇంట్లో మాట్లాడటం వల్ల రాలేదమ్మా. స్కూలు ఇంగ్లీషు, పక్కింటి పిల్లలు ఇంగ్లీషు, గ్రౌండు, టీవీ, షాపు అంతా ఇంగ్లీషే. బావగారు ఇంట్లో ఒడియానే మాట్లాడినా వాళ్ళకి ఇంగ్లీషు అలాగే వచ్చి ఉండేది. అమెరికా సెన్సస్ వాళ్ళు ఏటా చేసే సర్వేలో దీన్ని రెండు వేరు వేరు ప్రశ్నలుగా అడుగుతారు. ఐదేళ్ళు దాటినవాళ్ళు ఇంట్లో ఇంగ్లీషు కాక వేరే భాష మాట్లాడతారా, మాట్లాడితే ఏది అని ఒకటి. ఇంగ్లీషు ఎంత బాగా మాట్లాడతారు అని ఇంకొకటి, దానికి చాలా బాగా, బాగా, అంత బాగా కాదు, అసలు రాదు అని నాలుగు జవాబులు. 2019లో అక్కడ ఇంట్లో వేరే భాష మాట్లాడేవాళ్ళు 6.78 కోట్ల మంది, అంటే దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరు. 1980లో వీళ్ళు 2.31 కోట్లే. ఈ 6.78 కోట్లలో సగానికి పైగా ఇంగ్లీషు ‘చాలా బాగా’ మాట్లాడతామని చెప్పినవాళ్ళే. ఇంట్లో ఏ భాష ఉందన్నది ఒక సంగతి, ఇంగ్లీషు ఎంత వచ్చన్నది ఇంకో సంగతి అని ఆ లెక్క చూస్తేనే తెలుస్తోంది. అక్కడ వలస కుటుంబాలకి ఉన్న అసలు దిగులు ఇంకొకటి. మూడో తరానికి వచ్చేసరికి చాలా ఇళ్ళలో సొంత భాష పోతుంది. మీ బావగారి పిల్లలు ఫోనులో జేజేమాతో ఏం మాట్లాడుకుంటారో మీ ఆయన్ని ఒకసారి గమనించమనండి.

మన దేశం లెక్క ఇంకా స్పష్టంగా ఉంటుంది. 2011 జనాభా లెక్కల్లో మాతృభాష ఇంగ్లీషు అని చెప్పినవాళ్ళు దేశం మొత్తం మీద 2.6 లక్షల మందే. రెండో భాషగానో మూడో భాషగానో ఇంగ్లీషు వచ్చని చెప్పినవాళ్ళు 12 కోట్ల పైచిలుకు. అంటే మన దేశంలో ఇంగ్లీషు వచ్చినవాళ్ళలో దాదాపు అందరూ ఇంట్లో ఇంకో భాష ఉండగానే నేర్చుకున్నారు. మీ ఆయన ఆఫీసులో ఎవరి ఇంగ్లీషు బాగుంటుందని ఆయనకి అనిపిస్తుందో, ఆ అధికారుల ఇళ్ళలో కూడా చిన్నప్పుడు బెంగాలీయో, తెలుగో, మలయాళమో ఉండే ఉంటుంది.

అసలు ఈ ఊరికి మీ ఇల్లు కొత్తేమీ కాదు. 1933లో ఓడరేవు వచ్చింది, 1941లో షిప్‌యార్డుకి పునాది పడింది, 1957లో రిఫైనరీ నడవడం మొదలైంది, తర్వాత స్టీల్ ప్లాంటు, మధ్యలో నేవీ, రైల్వే ఎప్పట్నుంచో ఉంది. పని కోసం బెంగాల్ నుంచి, ఒడిశా నుంచి, కేరళ నుంచి, బీహార్ నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు మల్కాపురంలో, సింధియాలో, ఉక్కునగరంలో, మీ రైల్వే క్వార్టర్లలో మూడేసి భాషలు మాట్లాడుతూ పెరిగారు. ఇవాళ వాళ్ళు ఇంజనీర్లు, టీచర్లు, బ్యాంకు మేనేజర్లు. ఇంట్లో భాష మానేసి కాదు.

ఇంతకీ టీచర్ గారు చెప్పింది పూర్తిగా కొట్టిపారేయకూడదు. నలభై మంది పిల్లల్లో ఒకడు మాట్లాడట్లేదని గమనించి మీకు చెప్పారు, అందుకు ఆవిడకి థాంక్స్ చెప్పాలి. ఆవిడ చూసింది నిజం, ఇచ్చిన మందే సరిపోదు. కొత్త భాషలో పడిన పిల్లలు చాలామంది కొన్ని నెలల పాటు వింటారు గానీ మాట్లాడరు, లోపల మాత్రం అన్నీ పోగేసుకుంటూ ఉంటారు. ఇది తెలియక మనం కంగారు పడి వాణ్ణి ‘మాట్లాడు, మాట్లాడు’ అని నిలదీస్తే ఉన్న ధైర్యం కూడా పోతుంది. మీరు వెళ్ళి ఆవిడతో ఒక పది నిమిషాలు విడిగా మాట్లాడండి, ఇలా అడగండి: ఇంగ్లీషులో చెప్పిన పని వాడు చేస్తున్నాడా? బుక్ తీయమంటే తీస్తున్నాడా? రైమ్స్ అందరితో కలిసి పాడుతున్నాడా? పక్క పిల్లలతో ఆడుకుంటున్నాడా? వీటన్నిటికీ అవునంటే వాడికి ఇంగ్లీషు ఎక్కుతున్నట్టే, నోట్లోంచి రావడానికి టైమ్ పడుతుంది. అందరి ముందూ నిలబెట్టి అడగొద్దని, ఇద్దరు ముగ్గురు పిల్లలతో కూర్చున్నప్పుడు చిన్న ప్రశ్న వేయమని, తెలుగులో జవాబు చెప్పినా ముందు మెచ్చుకుని ఆ తర్వాత దాన్నే ఇంగ్లీషులో తిరిగి అనమని ఆవిడని కోరండి. మంచి టీచర్ అయితే కాదనరు.

ఎంత టైమ్ అంటారా? కెనడాలో జిమ్ కమిన్స్ అనే ఆయన వలస వచ్చిన పిల్లల్ని చూసి చెప్పింది ఏమిటంటే, ఆటల్లో కబుర్లలో సరిపడే ఇంగ్లీషు రెండేళ్ళలో వచ్చేస్తుంది, పాఠం చదివి అర్థం చేసుకుని సొంతంగా రాసే ఇంగ్లీషు తోటి పిల్లలతో సమానంగా రావడానికి ఐదు నుంచి ఏడేళ్ళు పడుతుంది. అదీ చుట్టూ ఇంగ్లీషే ఉన్న దేశంలో! మర్రిపాలెంలో యూకేజీ పిల్లాడు గడగడా మాట్లాడట్లేదని టెన్షన్ పడటం ఎంత తొందరో మీరే ఆలోచించండి. సొంత భాషలో చదవడం, ఆలోచించడం గట్టిగా వచ్చిన పిల్లలకి ఆ బలం రెండో భాషలోకీ వస్తుందని కూడా ఆయనే చెప్పారు.

ఇది మీ ఒక్క ఇంటి సంగతి కూడా కాదు. మనకి పైన మన్యంలో, పాడేరు, అరకు వైపు, ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లలు ఒకటో తరగతిలో కూర్చుంటే టీచర్ చెప్పే తెలుగే వాళ్ళకి అర్థమయ్యేది కాదు. అందుకనే ఉమ్మడి రాష్ట్రంలో ఇరవై ఏళ్ళ కిందట వాళ్ళ భాషల్లో చిన్న తరగతుల పుస్తకాలు తయారుచేశారు. అంతకు చాలా ముందే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు సవర పిల్లలకి చదువు చెప్పాలంటే ముందు తాను సవర నేర్చుకోవాలని నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాశారు. పిల్లాడి భాష దగ్గరికి బడి రావాలన్నది మన ప్రాంతంలో పుట్టిన ఆలోచనే. 2009 నాటి విద్యాహక్కు చట్టంలో కూడా వీలైనంత వరకు పిల్లల మాతృభాషలో బోధన ఉండాలని రాసి ఉంది. మీ స్కూలు ఇంగ్లీషు మీడియం, అది మీరు ఎంచుకున్నారు, దాన్ని మార్చమని నేను చెప్పను. కానీ ఇంటి భాషని మానేయమని అడిగే హక్కు ఏ స్కూలుకీ లేదు.

నిజంగా చూపించుకోవాల్సిన పరిస్థితి ఎప్పుడంటే, వాడు తెలుగులోనూ ఒడియాలోనూ కూడా వెనకబడి ఉంటేనే. వెనక నుంచి పిలిస్తే పలకకపోవడం, టీవీ సౌండ్ బాగా పెంచుకోవడం, ఇంట్లోవాళ్ళకి కూడా వాడి మాట అర్థం కాకపోవడం, నిన్నటిదాకా వచ్చిన మాటలు పోవడం, ఇలాంటివి ఏమైనా ఉంటే ముందు వినికిడి పరీక్ష చేయించండి, మన ఊళ్ళో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి వెళ్ళాల్సి వస్తే ఇంగ్లీషులో ఒక్కదాంట్లోనే చూసి తేల్చవద్దని, ఇంట్లో భాషల్లో కూడా మాట్లాడించమని చెప్పండి. మీరు రాసినదాన్ని బట్టి మీ బాబుకి ఈ అవసరం ఉన్నట్టు నాకు అనిపించలేదు.

మరి ఇంగ్లీషు ఎలా వస్తుంది? చదివి వినిపించడం వల్ల వస్తుంది, ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు. రోజూ రాత్రి పడుకోబోయే ముందు ఒక పావుగంట, బొమ్మల పుస్తకం ఒడిలో పెట్టుకుని మీరు ఇంగ్లీషులో చదవండి, బొమ్మ చూపిస్తూ తెలుగులో మాట్లాడండి. ‘ఈ ఏనుగు ఎందుకు ఏడుస్తోంది? నువ్వయితే ఏం చేస్తావు?’ అని తెలుగులోనే అడగండి. అదే పుస్తకం వారం రోజులు చదివినా పిల్లలకి విసుగు రాదు, నాలుగో రోజుకి వాక్యాలు వాళ్ళే అందుకుంటారు. పుస్తకాలు కొనాలన్న బెంగ కూడా వద్దు. ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో బొమ్మల కథలు ఫోనులోనే ఉచితంగా దొరుకుతాయి. వాటిలో ఒకే కథ ఇంగ్లీషులో, తెలుగులో, ఒడియాలో కూడా ఉన్నవి వెతకండి. మీరు తెలుగులో, మీ అత్తగారు ఒడియాలో, మీ ఆయన ఇంగ్లీషులో అదే కథ చదివితే ఎంత బాగుంటుందో ఊహించండి. వాడికి కథ ముందే తెలుసు కాబట్టి ఇంగ్లీషు మాటలకి అర్థం దానంతటదే తెలిసిపోతుంది. ఆదివారాలు వీలైతే ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయానికి తీసుకెళ్ళండి. పుస్తకాల మధ్య కూర్చోవడం అలవాటైన పిల్లలకి తర్వాత ఎవరూ చదువుకోమని చెప్పక్కర్లేదు.

మీ ఇంగ్లీషు గురించి మీరు పడే సిగ్గు అనవసరం. మీరు చదివితే వాడి ఉచ్చారణ పాడైపోతుందేమో అనుకుంటున్నారు కదా, పాడవదు. వాడికి స్కూల్లో, వీడియోల్లో, పెద్దయ్యాక ఇంకెందరి దగ్గరో వినడానికి బోలెడంత ఇంగ్లీషు ఉంది. తెలియని మాట వస్తే ‘నాకూ తెలీదు నాన్నా, చూద్దాం పట్టు’ అని ఇద్దరూ కలిసి వెతకండి. అమ్మ కూడా నేర్చుకుంటోందని చూసిన పిల్లాడు తప్పు మాట్లాడటానికి భయపడడు, భయం లేని పిల్లాడికే భాష వస్తుంది. ఏడాది తిరిగేసరికి మీ ఇంగ్లీషు కూడా బాగుపడుతుందని నేను గట్టిగా నమ్ముతున్నాను, అందుకు వేరే కోచింగ్ అక్కర్లేదు.

మీ ఆయనకి ఇంగ్లీషు మీద ఇష్టం ఉంది కాబట్టి ఆ పావుగంట ఆయనకే అప్పజెప్పినా మంచిదే. రూల్ పెట్టే మనిషిగా కాకుండా కథ చదివే నాన్నగా వాడికి ఆయన కనబడితే, ఇంగ్లీషు అంటే నాన్నతో గడిపే సమయం అని వాడి మనసులో పడుతుంది. ఒక్క మాట మాత్రం ఆయనతో మెత్తగానే అయినా గట్టిగా చెప్పండి. వాడు నానమ్మతో ఒడియాలో మాట్లాడుతుంటే మధ్యలో ఆపి ఇంగ్లీషులో చెప్పమనడం పూర్తిగా మానేయాలి. నానమ్మ భాష తక్కువ రకం భాష అని ఐదేళ్ళ పిల్లాడికి ఒకసారి అనిపించిందంటే, కొన్నాళ్ళకి నానమ్మ మీద కూడా వాడికి ఆ చులకన వస్తుంది. ఆయన కన్నతల్లి ఆవిడ. ఆయన అలా అనుకుని చేయలేదని నాకు తెలుసు, కానీ గదిలో కూర్చున్న ఆవిడకి వినపడింది అదే.

ఆవిణ్ణి బతిమాలి బయటికి రప్పించే పని మీరు చేయండి. ఉట్టినే రమ్మంటే రారు, పని పెట్టండి. ‘అత్తయ్యా, బాబుకి మీరు డాల్మా ఎలా చేస్తారో చెప్తూ చేయండి, వాడు పక్కన కూర్చుని కూరగాయలు అందిస్తాడు’ అనండి. పప్పులో ఏది ముందు వేయాలి, ఏది తర్వాత, ఎంతసేపు ఉడకాలి, ఎందుకు మూత పెట్టాలి అని వాడు అడుగుతూ ఉంటాడు, ఆవిడ చెప్తూ ఉంటారు. స్కూల్లో ఇంకో మూడేళ్ళకి సైన్సు పాఠంలో వచ్చే వరుస, కొలత, కారణం, అన్నీ ఆ వంటింట్లో ఒడియాలో వాడి చెవిన పడతాయి. రాత్రి పడుకునేటప్పుడు ‘ఇవాళ జేజేమా ఏం చేసింది?’ అని మీరు తెలుగులో అడగండి. ఒడియాలో విన్నది తెలుగులో చెప్పడానికి వాడి బుర్ర ఎంత పని చేస్తుందో, అంత మంచి హోంవర్క్ ఏ స్కూలూ ఇవ్వదు. ఒడియా అక్షరాలు కూడా నేర్పించాలా అని మీకు అనిపించొచ్చు. ఇప్పుడే వద్దు, ఇంగ్లీషు, తెలుగు అక్షరాలు కుదురుకున్నాక, ఒక రెండేళ్ళ తర్వాత, వాడికి సరదా ఉంటే ఆవిడే నేర్పుతారు.

కింద హిందీ పిల్లలతో ఆటలు ఆపకండి. అది ఎవరూ నేర్పకుండా వస్తున్న భాష.

ఇక అడ్మిషన్ ఫారం. మాతృభాష అంటే చిన్నతనంలో తల్లి బిడ్డతో మాట్లాడిన భాష అని జనాభా లెక్కలవాళ్ళు తమ సిబ్బందికి చెప్తారు. ఆ లెక్కన మీ బాబుకి తెలుగు అని రాయండి. ఒడియా రాయాలని మీ ఆయనకి ఉంటే అదీ తప్పు కాదు, ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి, కానీ స్కూలువాళ్ళు మెచ్చుకుంటారని ఇంగ్లీషు మాత్రం రాయొద్దు, అది నిజం కాదు కదా. తెలిసిన ఇతర భాషలు అని ఇంకో గడి ఉంటే మిగిలినవన్నీ అక్కడ రాసేయండి, హిందీతో సహా.